బల్లమీద రెండు సీసాలు

ఇంటర్వ్యూలంటే నాకు ఒళ్ళుమంట. ఎదుటివాడు కోతలు కోస్తాడని మనకు తెలుసు, మనకు తెలుసన్న సంగతి వాడికీ తెలుసు, అయినా ఇద్దరం మొహాన నవ్వు పులుముకుని గంటసేపు కూర్చోవాలి. ఆసుపత్రులకు టీకా మందులు సరఫరా చేసే మా కంపెనీలో మనుషుల్ని తీసుకోవడం, తీసెయ్యడం నా పని. మనిషి కుర్చీ లాక్కుని కూర్చునే తీరు చూసి ఎన్నాళ్ళుంటాడో చెప్పేస్తానని ఆఫీసులో నాకో పేరుంది. ఆ పేరు నేనే పుట్టించుకున్నానని గిట్టనివాళ్ళంటారు. అననీ.

ఆ రోజు మాత్రం పొద్దుటే దేవుడికి రెండుసార్లు దణ్ణం పెట్టుకుని వచ్చాను. సప్లై చెయిన్ మేనేజర్ ఉద్యోగానికి వడపోతలన్నీ అయ్యాక ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో చివరివాడు నా తమ్ముడు.

బంధువుల్ని తీసుకోకూడదని మా కంపెనీలో రూలుంది. దాన్ని టైపు చేసి గోడకి అంటించిన మహాతల్లిని నేనే. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది, వాడికి నాన్న ముక్కు, నాకు అమ్మ ముక్కు వచ్చాయి కాబట్టి ఎవరూ పోల్చుకోలేరని ధైర్యం చేశాను. ఏం చెయ్యమంటారు? వాడు పనిచేసే కంపెనీ మూతపడి ఏడాది దాటింది. భార్యనీ, ఇంకా పాకడం కూడా రాని పిల్లనీ వెంటబెట్టుకుని మా ఇంటి వెనక గదిలోకి వచ్చి చేరాడు. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్ళడానికి చోటు లేక వరండాలో కూర్చునేవాడు. మా ఆయన పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆయన ఏమీ అనకపోవడం కూడా వాడికి గట్టిగానే వినబడుతున్నట్టుండేది.

అమ్మ పోయేసరికి వాడికి ఊహ కూడా సరిగ్గా తెలీదు. నా చంకనెక్కి పెరిగాడు. ఆ పొద్దున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తల పైకెత్తకుండానే, "అక్కా, ఇది కూడా పోతే ఇంక నా వల్ల కాదే" అన్నాడు. ఏది నీ వల్ల కాదురా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

"పిచ్చి మాటలాడకు. నన్ను చూసి నవ్వావంటే మాత్రం అక్కడే చెంప పగలగొడతా. మేడమ్ అని పిలువు" అన్నాను.

"అలాగే మేడమ్" అన్నాడు. వాడి భార్య పిల్లని ఎత్తుకుని గుమ్మందాకా వచ్చి, ఆ పిల్ల చేత్తో వాడికి టాటా చెప్పించింది.

ఇంతకీ ఈ ఉద్యోగం సంగతి చెప్పాలి. మా కోల్డ్ రూమ్‌లోంచి ఒక్క పెట్టె బయటికి కదలాలన్నా సప్లై చెయిన్ మేనేజర్ సంతకం పడాలి. లైసెన్సు అలా ఉంది. కంపెనీ యజమాని, మేమంతా పెద్దాయన అని పిలిచే ఆయన, తల్లకిందులుగా తపస్సు చేసినా ఆయన సంతకం అక్కడ చెల్లదు. పాత మేనేజర్ ఉన్నపళాన మానేశాడు. మధ్యాహ్నం సగం తిన్న డబ్బా బల్లమీద వదిలేసి, స్వెటర్ కుర్చీకే ఉంచేసి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. "ఆరోగ్యం బాగాలేదట పాపం" అన్నాడు పెద్దాయన. నేను ఆ మేనేజర్ ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తింది.

"ఆయన ఎవరితోనూ మాట్లాడట్లేదండీ. మీ కంపెనీవాళ్ళతో అసలు మాట్లాడరు. దయచేసి ఇంక చెయ్యకండి" అని పెట్టేసింది. ఆవిడ గొంతులో కోపం ఉంటే సరిపెట్టుకునేదాన్ని. అది భయం.

అప్పట్నుంచీ కొత్తగా వచ్చిన సరుకు కోల్డ్ రూమ్ నిండా కదలకుండా కూర్చుంది. మర్నాడేమో పసిపిల్లలకి టీకాల శిబిరం. వ్యాన్లు పొద్దుటే వచ్చి వెనక గేటు దగ్గర ఆగాయి. ఎవరు కుదిరితే వాళ్ళు ఆ మధ్యాహ్నమే చేరి సంతకం పెట్టాలని పెద్దాయన ముందే చెప్పేశాడు. ఇంటర్వ్యూ అయిన పూటే ఉద్యోగంలో చేర్చుకోవడం నా సర్వీసులో నేనెరగను. తమ్ముడికి తొందరగా పని దొరుకుతుంది కదా అని సంబరపడ్డాను తప్ప, ఇంత తొందర దేనికని నా బుర్రకి తట్టలేదు.

ఇంటర్వ్యూ గదిలో మేం ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో పెద్దాయన, ఆయనకి కుడివైపు నేను, ఎడమవైపు తుమ్ములాయన. ఈయన మందుల నాణ్యత చూసే అధికారి. కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళీ వచ్చీ జలుబు శాశ్వతమైపోయి, తుమ్మకుండా ఒక వాక్యం పూర్తి చెయ్యలేడు. ఆ మధ్య కోల్డ్ రూమ్ మిషను చెడిపోతే మెకానిక్ వచ్చి బాగుచేసి వెళ్ళాడు. బాగయ్యాక లోపల మరీ ఎముకలు కొరికే చలిగా ఉంటోందని ఈయన నాలుగైదుసార్లు గొణిగాడు. తర్వాత ఎందుకో గొణగడం మానేశాడు. ఆ రోజు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎవరి కళ్ళలోకీ చూడకుండా కూర్చున్నాడు.

బల్ల మధ్యలో ఐస్ పెట్టె. అందులో టీకా సీసాలు, పాత సరుకులో మిగిలి పెద్దాయన గది ఫ్రిజ్‌లో ఉన్న నీలం మూతలవి కొన్ని, కొత్తగా వచ్చిన ఎర్ర మూతలవి కొన్ని. అది పెద్దాయన అలవాటు. సంచీ భుజాన వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరిగి పైకొచ్చిన మనిషి కాబట్టి, ఎదురుగా సరుకు లేకుండా ఎవరితోనూ మాట్లాడడు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు ఆ సీసాల్ని తీసి చూసుకోవచ్చు, లేకపోతే లేదు. ఆయన ఏమీ అనడు. ఊరికే చూస్తుంటాడు.

మొదట వచ్చినాయనకి నేను ఆ క్షణమే మాటలమూట అని పేరు పెట్టేశాను. కూర్చోకముందే మొదలుపెట్టాడు. ఆయన చేసిన పొదుపులు, నడిపిన గోడౌన్లు, ఎక్కిన విమానాలు. మధ్యలో నీళ్ళు తాగమని గ్లాసు జరిపాను, గొంతు తడుపుకుని రెట్టింపు ఉత్సాహంతో అందుకున్నాడు. ఐస్ పెట్టెని పక్కకి నెట్టి ఆ చోట తన ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు.

చివర్లో పెద్దాయన అడిగాడు. "రేపు పిల్లల శిబిరం. సరుకు మన దగ్గరే ఉంది. దానిమీద మీకేదో అనుమానం వచ్చింది. పంపుతారా, ఆపుతారా?"

"అది సందర్భాన్ని బట్టి ఉంటుంది సార్. ముందు అందరితో ఒక మీటింగ్ పెడతాను" అన్నాడు మాటలమూట.

"మంచిది" అన్నాడు పెద్దాయన. ఆ 'మంచిది'కి అర్థం నాకు తెలుసు. మాటలమూట వెళ్ళాక పెద్దాయన మార్కులు వెయ్యడానికి పెన్ను కూడా తీయలేదు. "ఈయనకి కళ్ళు లేవు, నోరే ఉంది" అన్నాడంతే. నాకు లోలోపల ఆనందం. ఒకడు తగ్గాడు.

రెండో మనిషి ఒకావిడ. నా ఈడే ఉంటుంది, మందపాటి కళ్ళజోడు, మాట పొదుపు. అడిగినదానికి అడిగినంతే చెప్పింది. చెబుతూనే ఐస్ పెట్టెలోంచి నీలం మూత సీసా ఒకటి, ఎర్ర మూత సీసా ఒకటి తీసి, రెంటినీ ఒకే చేతిలో పట్టుకుని గట్టిగా ఊపి, బల్లమీద పక్కపక్కన నిలబెట్టింది. తర్వాత వాటి వంక చూడనే లేదు. నేను అడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటూ పోయింది.

మొదట రెండు సీసాల్లోనూ మందు తెల్లగా, పల్చటి మజ్జిగలా ఒకేలా ఉంది. ఆవిడ తన పాత ఉద్యోగం గురించి చెబుతుండగా ఎర్ర మూత సీసాలో తెలుపు కిందికి దిగడం మొదలైంది. నేను మాట్లాడుతున్నానన్న మాటే గానీ కళ్ళు అక్కడే ఉన్నాయి. కొంతసేపటికి పైన నీళ్ళలా తేటపడి, అడుగున పిండి పేరుకున్నట్టు మడ్డి కూర్చుంది. నీలం మూత సీసాలో ఏ మార్పూ లేదు. గదిలో నలుగురం ఉన్నాం. నలుగురం చూశాం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తుమ్ములాయనకి ఒక్క తుమ్మూ రాలేదు.

పెద్దాయన తన ప్రశ్న అడిగాడు. పంపుతారా, ఆపుతారా?

"పంపను" అందావిడ. "నాకీ ఉద్యోగం వద్దండి." లేచి, సంచీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

పెద్దాయన చెయ్యి చాచి రెండు సీసాల్నీ పెట్టెలో పడేసి మూత పెట్టాడు. "ఆవిడ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో కనుక్కోండి. వాళ్ళ యజమాని నాకు తెలిసినవాడే అయుంటాడు" అన్నాడు నాతో. కోపంగా అనలేదు. టీ తెప్పించమన్నంత మామూలుగా అన్నాడు.

టీ సంగతి చూసొస్తానని సాకు పెట్టి మెట్ల మీద ఆవిణ్ణి అందుకున్నాను. "ఏవండీ, ఆ సీసాకి ఏమైంది?" అన్నాను రొప్పుతూ.

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "ఇందులో పనిచేస్తూ మీకు తెలీదా?"

"నేను మనుషుల్ని చూస్తానండీ. మందు గురించి తెలీదు."

"ఈ మందు ఎండకి పాడవుతుందని అందరికీ తెలుసు. చలి ఎక్కువైనా పాడవుతుంది. ఒక్కసారి గడ్డకట్టి కరిగిందంటే ఇంక అది మందు కాదు. పైకి చూస్తే ఏమీ తెలీదు. ఊపి పెడితే అలా విడిపోతుంది."

"అది పిల్లలకి వేస్తే?"

"చెయ్యి వాస్తుందేమో, అది పోనివ్వండి. టీకా వేయించాం కదా అని తల్లి నిశ్చింతగా ఉంటుంది. లోపల ఏ రక్షణా ఉండదు. జబ్బు వచ్చి పడ్డప్పుడు తెలుస్తుంది." ఒక మెట్టు దిగి ఆగింది. "ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో గానీ, రేపు గొడవైతే ఆ సంతకం పెట్టినవాళ్ళే జైలుకి పోతారు. మీ పెద్దాయన పోడు. మీరు మంచివారిలా ఉన్నారు, మీవాళ్ళెవరైనా ఉంటే ఇటు రానివ్వకండి."

మెకానిక్ చేసిన మరమ్మతు, తుమ్ములాయన మౌనం, సగం తిన్న డబ్బా, ఫోన్లో ఆ మేనేజర్ భార్య భయం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. పాత మేనేజర్ పెట్టనని పారిపోయిన సంతకం కోసం మేం మనిషిని వెతుకుతున్నాం. ఆ మనిషి కింద హాల్లో ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు.

వాడికి చెబుదామని గబగబా దిగాను. హాల్లో లేడు. రిసెప్షన్ అమ్మాయి, "ఇప్పుడే లిఫ్టులో పైకి పంపానండీ, పెద్దాయన తొందరగా రమ్మన్నారు" అంది. నేను మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి నా తమ్ముడు మా ఎదురుగా కూర్చుని, మహారాజులా వెన్ను నిటారుగా పెట్టి మాట్లాడుతున్నాడు.

ఎలాగైనా వాణ్ణి ఫెయిల్ చెయ్యాలి. ఏడాదిగా ఎవరి ఉద్యోగం కోసం నిద్రల్లేవో వాడికే ఆ ఉద్యోగం రాకుండా చెయ్యాలి. అంతకంటే వేరే ఆలోచన నాకు రాలేదు.

"ఏడాది నుంచి ఖాళీగా ఉన్నారు. మిమ్మల్ని ఎవరూ ఎందుకు తీసుకోలేదు?" అన్నాను. వాడి మొహం ఒక్క క్షణం వాడిపోయింది. ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో నాకంటే ఎవరికి తెలుసు!

"సరైన చోటు దొరకలేదు మేడమ్" అన్నాడు మెల్లగా.

"చోటు దొరకలేదా, మీలో సరుకు లేదా?"

తుమ్ములాయన కూడా తలెత్తి చూశాడు. వాడు నా వంక విస్తుపోయి చూసి, నీళ్ళు నమిలి, తేరుకున్నాడు. తేరుకుని ఎంత బాగా చెప్పాడని! వ్యాను దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలో, ఐస్ ఎక్కడ నింపుకోవాలో, ఏ ఆసుపత్రికి ముందు ఇవ్వాలో, నేను ఎన్ని కొర్రీలు వేసినా గడగడా చెప్పుకుంటూ పోయాడు. వేరే రోజైతే గర్వంతో పొంగిపోయేదాన్ని. ఆ రోజు వాడి ఒక్కో మంచి జవాబూ నా నెత్తిన మొట్టికాయలా పడింది.

మాటల మధ్యలో చెయ్యి ఊరుకోనట్టు ఐస్ పెట్టె మూత తీసి ఒక ఎర్ర మూత సీసా వేళ్ళ మధ్య తిప్పుతూ, ఆడిస్తూ కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ వాడికి ఏదో ఒకటి తిప్పే అలవాటే. కాసేపటికి దాన్ని తన ఫైలు వెనక నిలబెట్టాడు. వెళ్ళేటప్పుడు తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

పెద్దాయన ప్రశ్న వచ్చింది. పంపుతారా, ఆపుతారా?

వాడు నా వైపు చూడలేదు. "శిబిరం ఆగకూడదు సార్. పంపుతాను" అన్నాడు.

"అనుమానం ఉన్నా?"

"అనుమానం నా దగ్గర ఉంచుకుంటాను సార్. సరుకు పంపుతాను."

పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా తక్కువ. వాణ్ణి కోల్డ్ రూమ్ దగ్గర కాసేపు కూర్చోమని పంపించాడు.

నేను మార్కుల కాగితం మీద అన్ని గళ్ళలోనూ సున్నాలు చుట్టాను. "వద్దు సార్. ఈ అబ్బాయి నిలకడలేని మనిషి. ఏడాది ఖాళీగా ఉన్నాడంటేనే తెలుస్తోంది కదా. నా మాట వినండి, మళ్ళీ ప్రకటన వేద్దాం" అన్నాను.

పెద్దాయన ఆ కాగితం తీసుకుని నిదానంగా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సొంత తమ్ముడికి ఇన్ని సున్నాలా అమ్మా?" అన్నాడు.

చేతిలో పెన్ను బల్లమీద పెట్టేశాను.

"మీరు దాచారు, నాకు తెలీదనుకున్నారు. పోనీలెండి, తప్పుపట్టను. మీ తమ్ముడనే పిలిపించాను. రేపేదైనా మాట వస్తే మీరు వాణ్ణి ఇరికించరు, వాడు మిమ్మల్ని ఇరికించడు. ఇంటి మనుషులు ఇద్దరుంటే ఆఫీసు ఇల్లులా ఉంటుంది." టీ కప్పు పక్కకి జరిపాడు. "అయినా దానికోసమే తీసుకోలేదు. ఆ సీసాలు ఎందుకు పెట్టాననుకున్నారు? మొదటివాడు చూడలేదు. చూడనివాడు ఇవాళ సంతకం పెడతాడు, రేపు చూసి గోల చేస్తాడు. ఆవిడ చూసింది, లేచిపోయింది. మీవాడు చూశాడు. చూసి, ఫైలు చాటున దాచి, మనకి కనబడకుండా పెట్టెలో పెట్టేశాడు. ఇలాంటి మనిషి కోసమే కదా నేను ఇన్నాళ్ళూ వెతికింది."

"వాడికి తెలీదు సార్" అన్నాను. "వాడికి తెలిస్తే ఒప్పుకోడు."

తుమ్ములాయన రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. "వెళ్ళి అడగండి. అడిగి, ఆర్డరు టైపు చేయించుకు రండి" అన్నాడు పెద్దాయన.

కోల్డ్ రూమ్ ముందు నడవాలో వాడొక్కడే ఉన్నాడు. పాత మేనేజర్ స్వెటర్ ఎవరో తెచ్చి ఇస్తే వేసుకున్నాడు. భుజాల దగ్గర సరిపోయింది. నన్ను చూడగానే మొహం చిన్నబుచ్చుకుని, "ఏంటక్కా, అలా పీక మీద కత్తి పెట్టినట్టు అడిగావ్? చచ్చాననుకున్నా" అన్నాడు.

వాడి చెయ్యి పట్టుకుని మూలకి లాగాను. "ఒరేయ్, నా మాట విను. ఈ మందు పాడైపోయింది. గడ్డకట్టి కరిగింది. నీ చేత సంతకం పెట్టించి నీ మెడకి చుడతారు. వెనక గేటు తీసే ఉంది, ఇంటికి పో. నేను చూసుకుంటాను."

వాడు చెయ్యి విడిపించుకోలేదు. నేనే చిన్నపిల్లనైనట్టు జాలిగా చూశాడు.

"తెలుసక్కా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మందు సంగతి. సీసా ఊపి చూశాగా. నేను చేసింది ఇదే పని కదా ఇన్నేళ్ళూ." గొంతు తగ్గించాడు. "వాళ్ళకేం కావాలో కూడా అర్థమైంది. అందుకే ఆ జవాబు చెప్పాను. నువ్వేమో నా కొంప ముంచబోయావ్."

"పిల్లలురా! పసిపిల్లలు!"

"అరవకు. నేను కాకపోతే ఇంకొకడు పెడతాడు. వాడు పెడితే జీతం వాడింటికి పోతుంది, అంతే తేడా. అందరికీ జబ్బులు వచ్చేస్తాయా ఏంటి? వచ్చినా ఏ సీసా వల్లని ఎవరు తేలుస్తారు?" నా భుజం మీద చెయ్యి వేసి, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు. "మన పాప గురించి భయపడకు. దానికి ఈ మందు వేయించను. వేరేచోట వేయిస్తాలే."

వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వాడంటే నాకు అసహ్యం వేసింది. నా చంకలో పెరిగిన పిల్లాడంటే ఒళ్ళంతా అసహ్యం. దాంతోపాటు ప్రేమ కూడా పోయుంటే బతికిపోయేదాన్ని. అది పోలేదు, అదే నా దరిద్రం. వాడికి చలేస్తోందేమో, స్వెటర్ గుండీలు పెట్టుకోలేదేమని ఆ క్షణంలో కూడా కళ్ళు వెతికాయి.

ఈలోగా పెద్దాయన తాళంచెవులు పట్టుకుని వచ్చాడు. "ఏమ్మా, తెలుసన్నాడా?" అని నన్ను అడిగి, జవాబు కోసం ఆగకుండా కాగితాలు వాడి ముందు పెట్టాడు. వాడు నిలబడే, గోడకి ఆనించి సంతకాలు పెట్టాడు. ఒక్కచోట కూడా పెన్ను ఆగలేదు. కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుని చల్లటి పొగ కాళ్ళ మీదికి వచ్చింది. కూలీలు పెట్టెలు మొయ్యడం మొదలుపెట్టారు.

"ఆర్డరు టైపు చేయించి తెస్తాను" అన్నాను.

కిందికి వచ్చాను. రిసెప్షన్ గోడకి శిబిరం పోస్టరు అంటించి ఉంది. బుగ్గలున్న పిల్ల నవ్వుతోంది, కింద డాక్టరు ఫోన్ నంబరు. రిసెప్షన్ అమ్మాయిని కాఫీకి పంపించి, నా ఫోన్లోంచి చేశాను. రెండుసార్లు నంబరు తప్పు నొక్కాను.

ఎత్తింది ఒక డాక్టరమ్మ. వెనక ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు. మా కంపెనీ పేరు చెప్పాను, ఎర్ర మూతల సీసాలు పాడయ్యాయని తెలిసే పంపుతున్నారు, వెయ్యొద్దన్నాను, ఊపి పెట్టి చూడమన్నాను.

"చూడమ్మా, ఇలాంటి ఫోన్లు నాకు చాలా వస్తుంటాయి. పోటీ కంపెనీలవాళ్ళు చేయిస్తారు" అందావిడ విసుగ్గా. "రేపు ఎంతమంది తల్లులు వస్తున్నారో తెలుసా? ఊరికే ఆపమంటే ఎలా ఆపను? మీరెవరు?"

ఎవరో చెప్పాను. నా ఉద్యోగం ఆ మాటతోనే పోయిందని తెలుసు. అది పెద్ద లెక్కలోకి రాలేదు.

"సరే. నేను ఆపి పై అధికారులకి రాయాలంటే మనిషి పేరు కావాలి. ఈ మందు పాడైందని తెలిసే పంపారంటున్నారు. తెలిసి సంతకం పెట్టిందెవరు? అది చెప్పండి, పెట్టెలు మా గేటు దాటనివ్వను. చెప్పలేకపోతే ఇంక నా టైమ్ తినకండి."

అద్దాల తలుపులోంచి వెనక గేటు కనిపిస్తోంది. నా తమ్ముడు వ్యాను పక్కన నిలబడి, ఒక చేత్తో తాళాలు ఆడిస్తూ, ఇంకో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని నవ్వుతున్నాడు. ఇంటికి చేశాడని పెదాలు చూస్తేనే తెలుస్తోంది. ఉద్యోగం వచ్చిందని చెబుతున్నాడు. అటువైపు పిల్ల చెవికి ఫోను పెట్టి ఉంటారు, వాడు మూతి సున్నాలా చుట్టి ఏవో ముద్దు చప్పుళ్ళు చేస్తున్నాడు. ఏడాది తర్వాత వాడి మొహంలో అంత వెలుగు చూశాను.

"హలో? ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

"ఉన్నానండీ" అన్నాను. "మా తమ్ముడు."

"ఎవరు?"

"సంతకం పెట్టింది మా తమ్ముడండీ. తెలిసే పెట్టాడు."

అవతల బల్లల చప్పుడు ఆగింది. డాక్టరమ్మ గొంతు మార్చి, వాడి పేరు అడిగింది. చెప్పాను. రాసుకోవడానికి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.